విమానం ఎక్కకముందే మొదలుపెట్టండి: పరాయి దేశంలో మనుషుల్ని పరిచయం చేసుకోవడం ఎలా

బెంగళూరు కుందలహళ్ళిలో మా ఇంటి పక్క పీజీలో నలుగురు పిల్లలు ఈసారి చదువులకు బయటి దేశం వెళ్తున్నారు. ఇద్దరు జర్మనీ, ఒకరు ఐర్లాండ్, ఒకమ్మాయి ఇంగ్లండ్. రాత్రి మెస్ దగ్గర కనపడితే చాలు, అన్నా అన్నా అంటూ చుట్టూ చేరతారు. అడిగేవి మాత్రం ఎప్పుడూ అవే. జర్మనీ వీసాకి ఖర్చుల డబ్బు చూపించే బ్లాక్డ్ అకౌంట్ ఎక్కడ తెరవాలి, వీసా స్లాట్ దొరకట్లేదు ఎలా, కుక్కర్ చెక్‌ఇన్‌లో పంపనిస్తారా, కారాలు పొళ్ళు ఎన్ని కిలోలు సరిపోతాయి. అక్కడ మనవాళ్ళు కాని మనుషులు నాకెలా పరిచయం అవుతారు అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. వెళ్ళేటప్పుడు నేనూ అడగలేదు, దానికి ఒక ఏడాది పోగొట్టుకున్నాను, అందుకే ఇది రాస్తున్నాను.

నేను చదివింది తూర్పు జర్మనీలో మాగ్డెబర్గ్. ఒకే ఫ్లాట్‌లో అయిదుగురం తెలుగువాళ్ళం. పప్పు మనదే, సినిమా మనదే, క్లాసులో గ్రూప్ ప్రాజెక్టు కూడా మనలో మనమే చేసుకునేవాళ్ళం. తప్పని అనను, కొత్తలో ఆ ఇల్లు లేకపోతే నేను నిలబడేవాణ్ణే కాదు. కానీ రెండో సెమిస్టర్‌లో వెర్క్‌స్టూడెంట్ ఉద్యోగాలకి, అంటే చదువుకుంటూ వారానికి 20 గంటల వరకు చేసే కంపెనీ పనికి, అప్లికేషన్లు పెట్టడం మొదలుపెట్టాక అసలు విషయం అర్థమైంది. మార్కులు బాగానే ఉన్నాయి, సీవీ బాగానే ఉంది, నన్ను ఎరిగిన మనిషి మాత్రం ఆ ఊళ్ళో ఒక్కడూ లేడు.

1970ల్లో మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సోషియాలజిస్టు బోస్టన్ పక్కనున్న న్యూటన్ అనే ఊళ్ళో, తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికిన వాళ్ళని కూర్చోబెట్టి అడిగాడు: నీకు ఆ మాట చెప్పిన మనిషిని నువ్వు ఎంత తరచుగా కలుస్తావు అని. తరచుగా కలుస్తామన్న వాళ్ళు 17 శాతం లోపే. ఎక్కువమందికి ఉద్యోగం సంగతి చెప్పింది అప్పుడప్పుడూ కనపడే మనుషులు, లేదంటే ఏడాదికోసారి కూడా కనపడని మనుషులు. ఆలోచిస్తే సరిగ్గానే ఉంటుంది. మీ రూమ్‌మేట్‌కి తెలిసినవన్నీ మీకూ తెలుసు. మీకు తెలియనిది తెలియాలంటే వేరే చోట తిరిగే మనిషి కావాలి, ఆ మనిషి ఇంటికొచ్చి తలుపు కొట్టడు కదా.

ఎక్కడ మొదలుపెట్టాలి? ఇక్కడే, బెంగళూరులోనే. వెళ్ళడానికి మూడు నాలుగు నెలల ముందు నుంచి. మన ఇబ్బంది ఇంగ్లీషు కాదు, మొహమాటం. ఇరవై మంది కొత్తవాళ్ళున్న గదిలోకి అడుగుపెట్టి, ఎవరి పక్కనో నిలబడి, నా పేరు ఫలానా అని చెప్పడానికి నోరు పెగలదు. కొత్త భాష, కొత్త చలి, జేబులో లెక్కపెట్టుకునే యూరోలు, వీటి మధ్య ఆ అలవాటు చేసుకోవడం కష్టం. ఇక్కడైతే తప్పు మాట్లాడినా గంటలో పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి ఇంటికొచ్చేస్తారు.

నేనైతే మొదట టోస్ట్‌మాస్టర్స్‌కి పొమ్మంటాను. 1924లో కాలిఫోర్నియాలో మొదలైన సంస్థ అది, నలుగురిలో మాట్లాడటం నేర్చుకునే క్లబ్బులు. బెంగళూరులో చాలా ఉన్నాయి, ఆఫీసుల్లో కొన్ని, బయట అందరికీ తెరిచి ఉండేవి కొన్ని. గెస్ట్‌గా వెళ్ళడానికి మామూలుగా డబ్బులు తీసుకోరు. మీటింగ్‌లో టేబుల్ టాపిక్స్ అని ఒక భాగం ఉంటుంది. అప్పటికప్పుడు ఒక ప్రశ్న ఇస్తారు, ఒకటి నుంచి రెండు నిమిషాలు మాట్లాడాలి, టైమర్ నిమిషానికి ఆకుపచ్చ కార్డు, నిమిషంన్నరకి పసుపు, రెండు నిమిషాలకి ఎరుపు చూపిస్తారు. గెస్టులని అడుగుతారు కానీ బలవంతపెట్టరు. మీరు మాత్రం ఒప్పుకోండి. ఆ పసుపు కార్డు దాకా నిలబడి మాట్లాడగలిగారంటే రేపు వేరే దేశంలో ఒక మనిషికి మీ గురించి చెప్పడం అంత భయంగా ఉండదు. ఇంకో లాభం కూడా ఉంది. ఇక్కడ సభ్యత్వం తీసుకుంటే అక్కడి క్లబ్బుకి మార్చుకోవచ్చు, కొత్త ఊళ్ళో దిగిన మొదటి వారంలోనే మిమ్మల్ని పేరుపెట్టి పిలిచే గది ఒకటి ఉంటుంది.

ఇక మీ ఇష్టాన్ని బట్టి. జర్మనీ వెళ్ళేవాళ్ళు ఇందిరానగర్‌లో గోథే ఇన్‌స్టిట్యూట్ కార్యక్రమాలు చూడండి, ఫ్రాన్స్ వెళ్ళేవాళ్ళకి వసంతనగర్‌లో అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది. కోడింగ్ వాళ్ళకి బ్యాంగ్‌పైపర్స్ అనే పైథాన్ గ్రూపు ఉంది, ఈ ఊళ్ళో పాతది. దొమ్మలూరులోని బెంగళూరు ఇంటర్నేషనల్ సెంటర్‌లో ఉపన్యాసాలకి వెళ్ళి, అయిపోయాక పక్క సీటు మనిషితో విన్నదాని గురించి రెండు మాటలు మాట్లాడి రండి. జనంలో కూర్చోవడమే కష్టంగా ఉండేవాళ్ళు శనివారం పొద్దున కబ్బన్ పార్కులో జరిగే కబ్బన్ రీడ్స్‌కి పుస్తకం పట్టుకుని వెళ్ళండి. అక్కడ ఎవరూ మాట్లాడక్కర్లేదు, చెట్ల కింద ఎవరి పుస్తకం వాళ్ళు చదువుకుంటారు. మౌనంగా నలుగురిలో కలవడం కూడా ఒక మెట్టే.

రెండో పని పది నిమిషాల్లో అయిపోతుంది. ఫోన్‌లో మీటప్ యాప్ వేసుకుని, ఊరి పేరు దగ్గర బెంగళూరు తీసేసి మీరు వెళ్ళబోయే ఊరు పెట్టండి. 2002లో న్యూయార్క్‌లో వెబ్‌సైట్‌గా మొదలైంది ఇది, ఒకే ఊళ్ళో ఉంటూ ఒకరినొకరు ఎరగని వాళ్ళని కలపడానికే పెట్టారు. ఆ ఊళ్ళో ఏ గ్రూపులున్నాయి, చివరిసారి ఎప్పుడు కలిశారు, ఎంతమంది వచ్చారు అన్నది ఇక్కడి నుంచే కనపడుతుంది. పేరుకి మూడువేల మంది సభ్యులుండి ఆరు నెలలుగా కలవని గ్రూపు వదిలేయండి. ప్రతి రెండు వారాలకీ పన్నెండు పదిహేను మంది కలిసే గ్రూపు పట్టుకోండి. చిన్న ఊళ్ళయితే మీటప్‌లో ఏమీ ఉండకపోవచ్చు, అప్పుడు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు పేజీ, ఊరి లైబ్రరీ, జర్మనీలో అయితే ఫోక్స్‌హోఖ్‌షూలె అనే పెద్దల బడి, ఫెరైన్ అనే సంఘాలు చూడండి. జర్మన్‌లకి ప్రతిదానికీ ఒక ఫెరైన్ ఉంటుంది. చెస్‌కి ఒకటి, కొండలెక్కడానికి ఒకటి, కూరగాయల తోటకి ఒకటి. ఇంగ్లండ్, ఐర్లాండ్ వెళ్ళేవాళ్ళు చదువు మొదలైన వారాల్లో పెట్టే సొసైటీల ఫెయిర్ మాత్రం వదలొద్దు. అన్ని క్లబ్బులూ ఒకే చోట బల్లలు వేసుకుని కూర్చునేది అప్పుడే.

గ్రూపు దొరికింది, మొదటి రోజు వచ్చింది. పది నిమిషాలు ముందే వెళ్ళండి. చాలామంది కొత్త చోటు కదా, నలుగురూ వచ్చాక మెల్లగా చేరదాం అనుకుంటారు. అప్పటికే అందరూ ముగ్గురు నలుగురుగా గుంపులు కట్టేసి ఉంటారు, మీరు గోడ పక్కన గ్లాసు పట్టుకుని ఫోన్ చూసుకుంటూ నిలబడతారు, నలభై నిమిషాల తర్వాత ఇంటికెళ్ళిపోతారు. నేను ఇలా ఒకటి కాదు, మూడు సాయంత్రాలు చేశాను. ముందే వెళితే గదిలో ఉండేది నిర్వహించేవాళ్ళు ఒకరిద్దరే, కుర్చీలు సర్దుతుంటారు. వెళ్ళి ఒక కుర్చీ అందుకుని, ఎక్కడ వేయాలి అని అడగండి. అంతే, మీకు పని దొరికింది, మనిషి దొరికాడు, తర్వాత వచ్చిన ప్రతివాళ్ళకీ ఆయనే మిమ్మల్ని పరిచయం చేస్తాడు. జర్మనీలో ముందు వెళ్ళడం మంచిదేగానీ ఆలస్యంగా వెళ్ళడం మాత్రం అస్సలు మంచిది కాదు, ఏడంటే ఏడే.

ఆ మొదటి రోజు ఏమీ జరగకపోవచ్చు. దానికే బెంగపడి మానేయకండి. నేను పెట్టుకున్న లెక్క నాలుగుసార్లు. ఒకే గ్రూపుకి వరసగా నాలుగుసార్లు వెళ్ళాలి, తర్వాతే బాగుందో లేదో అనుకోవాలి. మొదటిసారి మీరు కొత్త ముఖం, రెండోసారి చూసిన ముఖం, మూడోసారి పేరు గుర్తుంటుంది, నాలుగోసారి కనపడకపోతే ఏమైంది రాలేదు అంటారు. వారానికో కొత్త ఈవెంట్‌కి పరిగెత్తేవాళ్ళకి ఎప్పుడూ మొదటి రోజే. పెద్ద పెద్ద నెట్‌వర్కింగ్ ఈవెంట్లు, కెరీర్ ఫెయిర్లు కూడా అంతే. నేను ఒక ఫెయిర్‌కి వెళ్ళి సంచీ నిండా బ్రోచర్లు తెచ్చుకున్నాను, అందులో ఒక్కరితో కూడా మళ్ళీ మాట్లాడే అవకాశం రాలేదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఊరికే హాజరవ్వకండి, ఏదో ఒక పని మీద వేసుకోండి.

నాకు ఇది తెలిసింది రిపేర్ కెఫేలో. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన పద్ధతి ఇది, ఇప్పుడు జర్మనీలో ఎన్నో ఊళ్ళలో జరుగుతుంది. నెలకో రోజు ఒక హాల్లో కలుస్తారు. జనం పాడైపోయిన మిక్సీలు, రేడియోలు, చిరిగిన కోట్లు తెస్తారు, చేతనైనవాళ్ళు వాళ్ళ పక్కనే కూర్చుని ఊరికే బాగుచేస్తారు. ఒక మూల కాఫీ ఫ్లాస్కులు, ఇంటి దగ్గర చేసి తెచ్చిన కేకులు, ఒక హుండీ. నేను మొదటిసారి వెళ్ళింది నా రైస్ కుక్కర్ పట్టుకుని. అది అయిపోయాక పక్క బల్ల మీద ఒక ముసలాయన, రిటైరైన ఇంజనీరు, ఒక పెద్దావిడ తెచ్చిన హ్యాండ్ మిక్సర్ విప్పి చూస్తున్నాడు. స్విచ్ వేస్తే గుర్రుమని ఆగిపోతోంది, సన్నగా కాలిన వాసన. మా నాన్నకి నరసరావుపేటలో మోటారు వైండింగ్ షాపు. ఆ వాసన నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయండీ అన్నాను, నాకొచ్చిన అరకొర జర్మన్‌లో. ఆయన నన్నొకసారి చూసి, ఏమీ అనకుండా స్క్రూడ్రైవర్ నా వైపు తిప్పి ఇచ్చాడు. తిరిగే మోటారుకి కరెంటు అందించే ముక్కలవి; అరిగినవి తీశాను. ఆయన పెట్టెలో ఉన్నవి కాస్త పెద్దవి, ఆకురాయి మీద రుద్ది రుద్ది సైజుకి తెచ్చాం, బ్రష్‌లు ఆనుకునే కమ్యుటేటర్ తుడిచాం, బిగించాం. మిక్సర్ తిరిగింది. పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని రెండు చేతులతో ఊపేసింది. ఆర్నెల్లలో ఆ దేశంలో నన్ను ఒకరు ముట్టుకోవడం అదే మొదటిసారి.

వచ్చే నెల కూడా వస్తావా అని ఆయన అడిగాడు. వెళ్ళాను. మూడో నెలకి నాకంటూ ఒక బల్ల ఇచ్చారు. నాలుగో నెలలో ఆయన, "నా పాత కొలీగ్ ఒకాయన పంపుల టెస్టింగ్ ల్యాబ్ చూస్తున్నాడు, స్టూడెంట్ కావాలంటున్నాడు, నా పేరు చెప్పు" అని ఒక కాగితం మీద నంబరు రాసిచ్చాడు. నేను ఆయన్ని ఉద్యోగం అడగలేదు. నేను పని ఎలా చేస్తానో ఆయన నాలుగు నెలలు పక్కన కూర్చుని చూశాడు. ఇంటర్వ్యూలో అరగంటలో చూపించలేనిది అది.

మీకు మోటార్లు రాకపోవచ్చు, ఫర్లేదు. ప్రతి గ్రూపులోనూ ఎవరూ ముట్టుకోని చిన్న పనులుంటాయి. ఫొటోలు తీయడం, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం, కప్పులు కడగడం. పార్క్‌రన్ అని ఉంది, 2004లో లండన్‌లోని బుషీ పార్కులో పదమూడు మందితో మొదలైంది, ఇప్పుడు ఇరవైకి పైగా దేశాల్లో ప్రతి శనివారం పొద్దున 5 కిలోమీటర్లు, ఉచితం, పరిగెత్తలేకపోతే నడవొచ్చు. అక్కడ బార్‌కోడ్ స్కాన్ చేసే పనికి వాలంటీర్‌గా పేరిచ్చారనుకోండి, వచ్చిన ప్రతి మనిషీ మీ ముందుకొచ్చి నిలబడతాడు, ఎలా జరిగింది అని అడిగితే చాలు. మొహమాటస్తులకి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. రిపేర్ కెఫే బెంగళూరులో కూడా 2015 నుంచి ఉంది, వీలైతే ఒకసారి చూసి రండి, ఎస్‌పీ రోడ్డులో ఒక చిన్న టూల్ కిట్ కొనుక్కుని మరీ వెళ్ళండి.

ఒక జాగ్రత్త. ఊరి సంఘంలో సాయం చేయడం వేరు, కంపెనీలో జీతం లేకుండా పనిచేయడం వేరు. రెండోదాన్ని చాలా దేశాల వీసా నిబంధనలు పని కిందే లెక్కేస్తాయి. ఇంగ్లండ్‌లో వాలంటీరింగ్‌కీ, జీతంలేని ఉద్యోగానికీ తేడా స్పష్టంగా పెట్టారు, అమెరికాలో ఎఫ్1 అనే స్టూడెంట్ వీసా వాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అనుమానం వస్తే మీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టి, జవాబు వచ్చాకే ఒప్పుకోండి.

మాటల సంగతి. ఏం మాట్లాడాలో తెలియక మనం ఇంటర్వ్యూలాగా మొదలుపెడతాం, ఏ కంపెనీ, ఎంత అనుభవం, ఓపెనింగ్స్ ఉన్నాయా. జీతం, పెళ్ళి, పిల్లలు, మతం, ఇవి మనకి మామూలు ప్రశ్నలే, రైల్లో పక్కసీటాయన కూడా అడుగుతాడు, అక్కడ మాత్రం ముందే అడిగితే మనిషి ముడుచుకుపోతాడు. బదులుగా ఆ గదికి సంబంధించినది అడగండి. ఈ గ్రూపులోకి ఎలా వచ్చారు, ఈ ఊళ్ళో చలికాలం ఆదివారాలు ఏం చేస్తారు. షాపులన్నీ మూసే ఆదివారం గురించి అడిగితే ఏ జర్మన్ అయినా పావుగంట చెప్తారు. భాష రాకపోతే రాదని ముందే చెప్పేయండి, ఈ మాటని మీరెలా అంటారు అని అడగండి. నేర్పించమంటే కాదనేవాళ్ళు తక్కువ. మీ వైపు నుంచి కూడా ఏదైనా చెప్పండి, ఊరి గురించో ఇంట్లో పని గురించో. నేను మా నాన్న షాపు గురించి చెప్పడానికి మొదట్లో సంకోచించాను, చివరికి నన్ను అందరూ గుర్తుపెట్టుకున్నది దాంతోనే.

మీ రంగంలోని వాళ్ళని కలవాలంటే ఆ రంగం సంఘాలు పట్టుకోండి. జర్మనీలో వీడీఐ అని ఇంజనీర్ల సంఘం ఉంది, 1856 నాటిది, ఊరూరా శాఖలున్నాయి, విద్యార్థులకీ కుర్ర ఇంజనీర్లకీ వేరే గ్రూపులున్నాయి. కంప్యూటర్ల వాళ్ళకి కేయాస్ కంప్యూటర్ క్లబ్ శాఖలు, పైథాన్, లైనక్స్ గ్రూపులు. మిగతా దేశాల్లో ఐఈఈఈ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల సంఘం), ఏసీఎం (కంప్యూటర్ల వాళ్ళ సంఘం)ల స్టూడెంట్ సభ్యత్వం తీసుకోండి, మామూలు రుసుము కంటే బాగా తక్కువ. ఉపన్యాసం అయ్యాక మాట్లాడినాయన పట్ల ఆసక్తి ఉంటే, ఆయన చెప్పినదాంట్లో ఒక్క ప్రశ్న అడగండి, చాలు.

తర్వాత ఆ రాత్రో మర్నాడో లింక్డిన్‌లో మెసేజ్ పెట్టండి. వారం ఆగితే మీరెవరో వాళ్ళు మర్చిపోతారు. రెండు వాక్యాలు: ఎక్కడ కలిశామో, మీరు చెప్పిన ఏ మాట నాకు పనికొచ్చిందో. రిఫరల్ ఇస్తారా, అంటే మీ కంపెనీలో నా పేరు సిఫారసు చేస్తారా అన్న మాట ఆ మెసేజ్‌లో ఉండకూడదు. ఒకసారి కూడా కలవని మనిషికి రిఫరల్ అడుగుతూ మనవాళ్ళు పెట్టే మెసేజ్‌లు నాకూ వస్తుంటాయి, సాయం చేయాలనే ఉంటుంది, కానీ తెలియని మనిషి గురించి నేనేమని చెప్పగలను? రెండు మూడుసార్లు కలిశాక మాత్రం మొహమాటపడొద్దు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మీ పని గురించి తెలుసుకోవాలనుంది, పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడొచ్చా అని అడగండి, పదిహేను నిమిషాలకి మీరే ముగించండి.

తాగడం గురించి పీజీ పిల్లలు కాస్త భయంగానే అడిగారు. అక్కర్లేదు. జర్మనీలో స్టమ్‌టిష్ అంటే పబ్బులో ఒకే బల్ల దగ్గర వారం వారం కలవడం, నేను రెండేళ్ళు ఆపిల్ జ్యూస్ సోడాతోనే కూర్చున్నాను, ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. మాంసం తినకపోతే ముందే చెప్పండి. అమ్మాయిలు మొదటి రెండు మూడుసార్లు పబ్లిక్ చోట్లకే వెళ్ళండి, లొకేషన్ రూమ్‌మేట్‌కి పంపండి, చివరి ట్రామ్ టైమ్ చూసుకోండి. మనసుకి నచ్చకపోతే కారణం చెప్పకుండా లేచి వచ్చేయొచ్చు.

మనవాళ్ళని వదిలేయమని నేను అనను. జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చింది ఆ ఫ్లాట్‌లోని నలుగురే. అమెరికా వెళ్ళేవాళ్ళకి తానా, ఆటా లాంటి పెద్ద తెలుగు సంఘాలే ఉన్నాయి, మిగతాచోట్ల కూడా ఉగాదికో సంక్రాంతికో ఎవరో ఒకరు హాలు తీసుకుంటారు. అక్కడ కూడా భోజనానికి మాత్రమే వెళ్ళి రాకండి, వడ్డనకి నిలబడండి. ఇరవై ఏళ్ళుగా ఆ దేశంలో ఉన్న పెద్దవాళ్ళు కనపడేది అప్పుడే. వారంలో ఒక సాయంత్రం మాత్రం మనవాళ్ళెవరూ లేని గదిలో గడిపేలా రాసిపెట్టుకోండి, పరీక్షలున్నా సరే.

మొన్న శనివారం ఆ నలుగురిలో ఇద్దరిని ఇందిరానగర్ దాకా తీసుకెళ్ళి ఒక టోస్ట్‌మాస్టర్స్ మీటింగ్‌లో కూర్చోబెట్టాను. ఐర్లాండ్ వెళ్ళే అబ్బాయి లేచి ఒక నిమిషం పది సెకన్లు మాట్లాడాడు, వచ్చే శనివారం మళ్ళీ వెళ్తానంటున్నాడు. ఇంగ్లండ్ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు కానీ చివర్లో కుర్చీలు సర్దింది, నిర్వాహకురాలు ఆమె నంబరు తీసుకుంది.

టూల్ కిట్ కొన్నవాళ్ళు స్క్రూడ్రైవర్లు చెక్‌ఇన్ బ్యాగులోనే పెట్టండి, చేతి బ్యాగులో ఉంటే సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటారు. కుక్కర్ లోపల పెడితే చోటు కూడా కలిసొస్తుంది.